మహాప్రసాద్ పేరున టికెట్

తోంగ్‌పాల్,
ఫిబ్రవరి

మహాప్రసాద్‌కి సీతారామ్.

పోయిన ఆదివారం ఫోన్‌లో నేను అరిచిన అరుపులకి పక్క క్వార్టర్ వాళ్ళు తలుపు తీసి చూశారు. నువ్వు మాత్రం ప్రతి మాటకీ ఊఁ కొట్టావు. ఒక్కటీ వినపడలేదని నాకు తెలుసు. నీ చెవులతోనూ, కోంటాలో ఉండీ లేనట్టుండే ఆ టవర్‌తోనూ నేను వేగలేను. కాయితమే నయం. బస్సు కండక్టర్ నంద చేతికిస్తే సాయంత్రానికి నీకు చేరుతుంది.

ఆ రోజు చెప్పాలనుకున్నది ఇదీ. ఏప్రిల్ ఆఖరుకి నా ఉద్యోగం అయిపోతోంది. ఆశ్రమశాల హాస్టల్ అధీక్షిక దుర్గాభవాని మేడమ్ ఇక మాజీ మేడమ్. ఇన్నేళ్ళూ పిల్లల జడలూ జ్వరాలూ, బియ్యంలో రాళ్ళూ చూసుకుంటూ ఎక్కడికీ కదల్లేదు. నీకిచ్చిన మాట ఒకటి అలాగే ఉండిపోయింది. సముద్రం చూపిస్తానన్నాను, అదీ విమానంలో తీసుకెళ్ళి. ఈ వేసవిలో వెళ్దాం.

జగదల్‌పూర్‌లో ఎక్కి హైదరాబాద్‌లో మారతాం, అంతవరకు తేలిపోయింది. ఎక్కడ దిగాలన్నదే తేలాలి. విశాఖపట్నంలో దిగితే విమానాశ్రయం నుంచి ఆటోలోనే సముద్రం దగ్గరికి పోవచ్చు. రాజమండ్రిలో దిగితే కాకినాడ దాకా కారు మాట్లాడుకోవాలి, ఆ ఎండలో నా మోకాళ్ళు ఊరుకోవు. భువనేశ్వర్‌లో దిగితే పూరీ ఉంది కానీ అదీ రోడ్డు ప్రయాణమే. నాకైతే విశాఖ బాగుందనిపిస్తోంది. మా తమ్ముడు రాజశేఖర్ కూడా అక్కడే ఉన్నాడు కదా. నువ్వూ ఆలోచించు.

తమ్ముడి భార్య నవీన మొన్న నీ పేరేమిటని అడిగింది. మహాప్రసాద్ అన్నాను. అది గుళ్ళో పెట్టేది కదా, మనిషి పేరు చెప్పమంది. మా వైపు జగన్నాథుడి రథం ముందు ప్రసాదం తినిపించుకుని స్నేహం కట్టుకున్నవాళ్ళు, బతికినన్నాళ్ళూ ఒకరి పేరు ఒకరు నోటితో అనరనీ, మహాప్రసాద్ అనే పిలుచుకుంటారనీ, కలిస్తే సీతారామ్ అని దండం పెట్టుకుంటారనీ చెప్పాను. మొగుడి పేరు చెప్పనివాళ్ళని చూశాను గానీ ఇదెక్కడి చోద్యం వదినా అని నవ్వింది. నవ్వనీ.

నీ మహాప్రసాద్

*

కోంటా,
ఫిబ్రవరి ఆఖరు

సీతారామ్ మహాప్రసాద్.

ఉత్తరం అందింది. చిన్నప్పుడు చింతూరు హాస్టల్‌లో నేర్చుకున్న తెలుగు అక్షరాలు నీకు రాయటానికే మిగిలినయి. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపకు. ఒకసారి పంపినవు, నేను మర్చిపోలేదు.

ఇప్పుడు చేతినిండా పని. ఇప్ప పూలు రాలే కాలం వచ్చింది. అది చాలదన్నట్టు నేనూ మా కొడుకు మంగల్ ఇంటి పక్కన ఒక మట్టి గోడ లేపుతున్నం. ఒక వరస పెట్టుడు, అది ఎండేదాక ఆగుడు, మళ్ళీ ఇంకో వరస. తొందరపడితే కూలుద్ది. ఎందుకని అడగకు. ఒక్క మాట మాత్రం చెప్పు, కిటికీ పొద్దు పొడిచే దిక్కుకి ఉంటే మంచిగుంటదా, రోడ్డు దిక్కుకా? నువ్వు చదువుకున్నదానివి.

సముద్రం ముచ్చట. మా అమ్మమ్మ సారపప్పు ఏరి, ఒలిచి, సంతకి మోసుకుపోయి షావుకారికి ఇస్తే, వాడు దానికి సరిగ్గా అంతే ఉప్పు కొలిచి ఇచ్చేవాడు. పప్పుకి ఉప్పు, సమానం. అడివంతా తిరిగి ఏరిన పప్పు. అప్పటి నుంచి నా మనసులో ఉంది, అంత ఉప్పు ఊరికే పడి ఉన్న చోటు ఎట్లుంటదో చూడాలని. చూసినంక ఒక సీసాలో ఆ నీళ్ళు తెచ్చి పులుసులో పోస్త.

దిగుడు మాత్రం భువనేశ్వర్‌లో దిగుదాం. జగదల్‌పూర్ రథం ముందు మన ఇద్దరికి ముడి వేసింది జగన్నాథుడే గద. ఆయన అసలు ఇల్లు పూరీలనే ఉంది. ఆ ముడి ఇంకా ఊడలేదని ఇద్దరం కలిసి పోయి ఒకసారి కనపడాలె. గుడి పక్కనే సముద్రం ఉంటదంట. అంతకంటె ఏం కావాలె?

నీ మహాప్రసాద్

*

తోంగ్‌పాల్,
మార్చి

మహాప్రసాద్‌కి సీతారామ్.

జగన్నాథుడు ఎక్కడికీ పోడు. ఆయన్ని తర్వాతైనా చూడొచ్చు. పూరీలో అలలు మనిషిని ఎత్తి కొడతాయంటారు. ఒడియా మనకి అరకొర. ఎండలో గుడి దగ్గర జనం. పైగా భువనేశ్వర్ విమానం కోసం హైదరాబాద్‌లో చాలాసేపు కూర్చోవాలి. విశాఖలో అయితే ఇసక మెత్తగా ఉంటుంది, తెలుగు మాట్లాడతారు, సముద్రం పక్కన జలాంతర్గామిని నిలబెట్టి లోపలికి పోయి చూడనిస్తారు. ఉండటానికి రాజశేఖర్ మేడ మీద గది ఉంది. సున్నం వేయించాడు, ఫ్యాను బిగించాడు. కిటికీలోంచి సముద్రం ఒక గీతలా కనపడుతుందట. ఆసుపత్రి కూడా వీధి చివరే.

ఇక్కడ నా సామాన్లు సర్దుతున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగానికి ఎన్ని ఇనప పెట్టెలో చూస్తే నాకే సిగ్గుగా ఉంది. పిల్లలకి ఇచ్చేవి ఇచ్చేస్తున్నాను. నీకు ఇత్తడి బిందె ఉంచాను.

టికెట్లకి నీ ఆధార్ కార్డు నకలు కావాలని నందతో చెప్పిస్తే పంపలేదు. త్వరగా పంపు.

నీ మహాప్రసాద్

*

కోంటా,
మార్చి ఆఖరు

సీతారామ్ మహాప్రసాద్.

మొదటి ఉత్తరంలో మోకాళ్ళు అన్నవు. ఇప్పుడు అలలు, భాష, ఎండ, జనం అంటున్నవు. ఎండ విశాఖలో ఉండదా? గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నేను ఏమీ అనకముందే ఇన్ని కారణాలు ఎందుకు?

ఇంకో మాట. విశాఖకి అయితే జగదల్‌పూర్‌లో రైలెక్కితే తిన్నగ దింపుతది. దానికి హైదరాబాద్ పోయి, విమానం మారి, మళ్ళీ ఇటు రావుడేంది? ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది. విమానం నా కోసమే అంటవు. నిజమే, విమానం ఎక్కాలని నాకు ఆశ. కానీ భువనేశ్వర్‌కి పోయేది కూడా విమానమే గద.

సరే. నీకు మనసైన చోటికే పోదాం. మహాప్రసాద్ మాట కాదనొద్దని మా అత్త ఆనాడే చెప్పింది. నువ్వు మాస్టరమ్మగా కొత్తగా వచ్చి మా ఇంట్లో అద్దెకు దిగినప్పుడు, నిన్నూ నన్నూ రథానికి తోలుకుపోయింది ఆమెనే. సముద్రం ఎక్కడైనా సముద్రమే, ఉప్పు ఎక్కడైనా ఉప్పే.

గోడ నా భుజం దాక వచ్చింది. కిటికీ సంగతి నువ్వు చెప్పలేదు. మంగల్ రోజూ అడుగుతుండు.

నీ మహాప్రసాద్

*

తోంగ్‌పాల్,
ఏప్రిల్

మహాప్రసాద్‌కి సీతారామ్.

టికెట్లు కొనేశాను. సుక్మాలో ఉపేంద్ర అని కొత్తగా కంప్యూటర్ దుకాణం పెట్టాడు, భద్రాచలం వైపు మనిషి. నీ ఆధార్ కోసం చూసి చూసి, రేట్లు పెరిగిపోతాయని అతను భయపెడితే ఇక ఆగలేదు. మే నెలాఖరుకి, వానలు రాకముందు, విశాఖపట్నం.

నాది రాసుకున్నాక, రెండో ప్యాసింజర్ పేరు చెప్పండి మేడమ్ అన్నాడు. మహాప్రసాద్ అన్నాను. ఇంటిపేరు అన్నాడు. అది అనొచ్చు కదా, మడకం అని చెప్పాను. ఆడా మగా అని అడిగాడు. ఆడ, నాకంటే ఒక ఏడు చిన్న అన్నాను. టకటకా కొట్టేశాడు. కాయితం నంద చేత పంపుతున్నాను, జాగ్రత్తగా దాచు.

విమానంలో కిటికీ పక్కన నువ్వే కూర్చో. మన ఊళ్ళ మీదుగా పోతుందో లేదో చూసి చెప్దువుగాని.

నీ మహాప్రసాద్

*

కోంటా,
ఏప్రిల్

మహాప్రసాద్,

టికెట్ చూసి మంగల్ పొట్ట పట్టుకుని నవ్విండు. అమ్మా, ఈ పేరుతో పోతే నిన్ను గేటు దగ్గరే ఆపుతరు, నీ కార్డు మీద పార్వతి అని ఉంది అన్నడు. నేనూ నవ్విన. చదువుకున్నదానివి, ఊళ్ళో పిల్లలందరి హాజరు పిలిచినదానివి, నా పేరు దగ్గర మాత్రం నోరు కట్టేసుకున్నవు. లోపల ఎంత సంతోషపడ్డనో చెప్పలేను.

పేరు మార్పిద్దామని మంగల్‌తో సుక్మా పోయిన. ఉపేంద్ర కంప్యూటర్ చూసి పేరు మొత్తం మార్చుడు కుదరదు, రద్దు చేసి మళ్ళీ కొనాల్సిందే అన్నడు. ఆ తర్వాత ఇంకేదో అన్నడు, నాకు వినపడలేదు. గట్టిగ చెప్పమన్న. అతని నోట్లో నువ్వు గింజ నానదు, అరిచి చెప్పిండు.

"అమ్మా, నీకు పోను రాను రెండూ ఉన్నయి. మేడమ్‌కి పోయేదే ఉంది, వచ్చేది లేదు. వైజాగ్‌లోనే ఉండిపోతరట గద."

బజారంతా విన్నది. నేను ఇంకోసారి చెప్పించుకున్న.

ఆ గోడ ఎందుకో ఇప్పుడు చెప్త. అది నీ గది. నీ క్వార్టర్ ఖాళీ చేసినంక నువ్వు ఎక్కడ ఉంటవని మేం ఒక్కనాడు కూడా మాట్లాడుకోలేదు. ఇక్కడే గద అని మట్టి తొక్కినం. పెద్దమ్మ మోకాళ్ళకి మెట్లు వద్దని మంగల్ గడప కూడ కిందికి పెట్టిండు. సముద్రం చూసి తిన్నగ ఇక్కడికే వస్తమని, అప్పుడు చూపిద్దామని దాచిపెట్టిన.

నువ్వేమో మీ తమ్ముడి మేడ మీద ఫ్యాను బిగించిన సంగతి నాకు రాస్తివి.

గదిలో మేకల్ని కడతం. వాటికి కిటికీ అక్కర్లేదు.

పార్వతి

*

తోంగ్‌పాల్,
మే మొదటి వారం

మహాప్రసాద్‌కి సీతారామ్.

నీ ఉత్తరం కింద నీ పేరు చూసి భయపడ్డాను. ఎప్పుడూ అలా రాయలేదు నువ్వు. మళ్ళీ రాయకు.

మొన్న నాకు వీడ్కోలు సభ చేశారు. శాలువా కప్పారు, కొబ్బరికాయ చేతిలో పెట్టారు. పిల్లలు ఏడ్చారు. మర్నాడు పొద్దున్న కిరాణా కొట్టుకి పోతే, అక్కడివాడు ఎప్పట్లాగే నమస్తే మేడమ్ అన్నాడు. వెంటనే, మీ ఊరు ఎప్పుడు వెళ్తున్నారు అని అడిగాడు. చెడ్డగా అడగలేదు పాపం. కానీ నాకు ఊరేదీ? మా నాన్న గనుల్లో పనికి బచేలీ వచ్చాడు, అక్కడ పుట్టాను. కంపెనీ ఇల్లు కంపెనీకి పోయింది. ఆ తర్వాత ఎక్కడ వేస్తే అక్కడే ఉన్నాను, మీ ఇంట్లో అద్దెకున్న రోజులు తప్పితే అన్నీ సర్కారు ఇళ్ళే. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఎవరిదానివని ఎవరూ అడగలేదు. అది పోతే ఇక్కడ నేను ఎవరి మనిషిని అని పోయిన చలికాలంలోనే నాకు భయం వేసింది. అప్పుడే రాజశేఖర్ గది సంగతి చెప్పాడు. సరే అన్నాను.

నీకు చెప్పాలని ప్రతి ఉత్తరంలోనూ కూర్చున్నాను. చెప్పలేక ఇసక మెత్తనిదని రాశాను. రైలులో తీసుకెళ్తే రైలు దిగగానే నువ్వు పెట్టెలు లెక్కపెట్టి కనిపెడతావు. విమానంలో అయితే చిన్న సంచితో వెళ్ళి, నీతో నాలుగు రోజులు సముద్రం చూసి, నిన్ను తిరుగు విమానం ఎక్కించేటప్పుడు చెబుదామనుకున్నాను. సామాను నంద బస్సులో జగదల్‌పూర్‌కీ, అక్కణ్ణించి రైల్లో విశాఖకీ వచ్చేది. ఇంత తెలివి నాకెక్కణ్ణించి వచ్చిందో. నీ ఏడుపు చూడకుండా తప్పించుకుందామన్న పిరికితనం, అంతే.

నీ ఇంటికి రానా అని అడగాలని కూడా అనుకున్నాను. ఒకవేళ నువ్వు మొహమాటానికి రమ్మంటే? మోకాళ్ళ నొప్పుల ముసలిది మంగల్‌కి బరువు కాదా? అడగకపోతే కాదనిపించుకునే పని ఉండదు కదా అనుకున్నాను.

గోడ సంగతి చదివి చాలాసేపు ఏడ్చాను. కిటికీ గురించి రెండుసార్లు అడిగావు. నా గోలలో పడి ఒక్కసారీ జవాబు రాయలేదు. టికెట్లు రెండూ రద్దు చేయించాను. ఇప్పుడేం చేయాలో నాకు తెలియడం లేదు.

నీ మహాప్రసాద్

*

కోంటా,
మే

సీతారామ్ మహాప్రసాద్.

కోపం అయిపోయింది. ఆకు కోతల కాలం, కోపానికి తీరిక లేదు. పొద్దున లేస్తే తునికాకు, కట్టలు కట్టుడు, ఎండేసుడు. మేకలు ఆ గదిలోకి పోలేదు. మంగల్ పోనివ్వలేదు. పెద్దమ్మ గదిలో పెంట వేయిస్తవా అని నా మీదికే లేచిండు.

ఎవరి మనిషినని భయపడ్డనన్నవు. అది చదివి నాకు నవ్వు వచ్చింది, ఆ తర్వాత ఏడుపు వచ్చింది. మా ఆయన పోయినప్పుడు మా తోడబుట్టినవాళ్ళు వచ్చి తిని పోయిండ్రు. నువ్వు సెలవు పెట్టి పది దినాలు నేల మీద పడుకున్నవు, ఉప్పు లేని కూడు తిన్నవు. నిన్ను ఎవరైనా ఉప్పు తినొద్దన్నరా? ఇంటి మనిషివని నువ్వే తినలేదు. అప్పుడు తెలిసినది ఇప్పుడు ఎట్ల మర్చిపోయినవు?

నేను మొహమాటానికి రమ్మనే మనిషినా? నా అత్తతో కూడా మొహమాటపడలేదు నేను.

అయినా నిన్ను కట్టేసి ఉంచను. తమ్ముడు కూడ రక్తమే. సున్నం ప్రేమతోనే వేయించి ఉంటడు. అక్కడ ఆసుపత్రి ఉంది, ఇక్కడ ఆసుపత్రికి బస్సెక్కాలె, అది కూడ నిజం. నీకు అక్కడ ఉండాలనుంటే ఉండు. నేను రైలెక్కి వచ్చి చూసిపోత. రైలు ఉంది గద, ముందే చెప్పిన.

కానీ సముద్రం మాత్రం ఇద్దరం కలిసి వెనక్కి వచ్చేటట్టే పోయి చూద్దాం. ఒకళ్ళని దింపి రావడానికి నేను విమానం ఎక్కను. ఎక్కడ దిగాలో నువ్వే చెప్పు, ఏ ఊరైనా సరే. ఈసారి నా ఆధార్ నకలు ఇందులోనే పెట్టిన. ఉపేంద్ర చేతికి ఊరకే ఇచ్చెయ్. నువ్వు పేరు చదవాల్సిన పని లేదు.

పైన పెంకులు వేసేదొక్కటే మిగిలింది. కిటికీ జాగాలో ఇంకా గోడ తొలవలేదు.

నీ మహాప్రసాద్

*

తోంగ్‌పాల్,
మే

మహాప్రసాద్‌కి సీతారామ్.

నిన్న సుక్మా పోయాను. నీ ఆధార్ కాయితం మడత విప్పకుండా ఉపేంద్ర ముందు పెట్టాను. అతను పైకి చదవబోతుంటే ఆగమన్నాను. మనసులో చదువుకోవయ్యా అన్నాను. నన్నొకసారి చూశాడు. ఈమధ్య ఎవరో మన పద్ధతి చెప్పినట్టున్నారు, తల ఊపి మౌనంగా కొట్టుకున్నాడు. సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోమని తెర నా వైపు తిప్పాడు. చూశాను. అక్షరం పొల్లు పోలేదు. చదవడం తప్పు కాదులే, నోటితో అనలేదు.

భువనేశ్వర్‌లో దిగుతున్నాం. అక్కణ్ణించి పూరీ. అలలు కొడితే కొట్టనీ, నీ చెయ్యి పట్టుకుంటాను. ముడి ఊడిందో లేదో ఆయన్నే చూసుకోమందాం. ఉప్పునీళ్ళ సీసా మాత్రం లగేజీలో వేసే సంచిలో పెట్టు, విమానంలో చేతిలో ఉంచనివ్వరట. పులుసులో పోసేది నేను తిననని ముందే చెబుతున్నాను.

రాజశేఖర్‌కి ఫోన్ చేశాను. కోంటాలోనే ఉంటానని చెప్పాను. "గది అలాగే ఉంటుందిలే అక్కా, ఏడాదికోసారి మీ ఇద్దరూ వచ్చి ఉండండి" అన్నాడు. నవీన ఫోన్ తీసుకుని, ఈసారైనా ఆవిడ పేరు చెప్తారా వదినా అంది. చెప్పనన్నాను.

ఉపేంద్ర అన్నీ కొట్టి చివర్లో తల ఎత్తాడు. "రిటర్న్ ఇద్దరికీనా మేడమ్?" అన్నాడు. ఇద్దరికీ, జగదల్‌పూర్‌కే అన్నాను. ఎవరైనా మీ ఊరు ఎప్పుడు వెళ్తున్నారని అడిగితే, ఇప్పుడు చెప్పడానికి నాకు తేదీ ఉంది.

ఇనప పెట్టెలు రేపటి బస్సులో వేయిస్తున్నాను. మంగల్‌ని రోడ్డు దగ్గర ఉండమను. ఇత్తడి బిందె వాటితోనే వస్తుంది, అది నీదే అయినా ఇద్దరం వాడుకుందాం. ఇకనుంచి నంద మనకి ఉత్తరాలు మోయక్కర్లేదు. ఒకే ఇంట్లో ఉండి ఎవరు రాసుకుంటారు? నీకు వినపడకపోతే దగ్గరికొచ్చి చెప్తాను.

కిటికీ రోడ్డు వైపు పెట్టించు.

నీ మహాప్రసాద్